అల్లుడుగారి టైమరు

బడి మామగారిది. బడిలో కంప్యూటర్లు అల్లుడుగారివి. కొన్నది మామగారే అనుకోండి, కానీ వాటి ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, ఎవరేం అడిగినా "అది మీకు అర్థం కాదులెండి" అనే హక్కు మాత్రం అల్లుడుగారిది. పెళ్లికి ముందు ఆయన ఏదో కంపెనీలో చేశాడట. ఆ కంపెనీని ఈయన వదిలేశాడో, ఈయన్ని ఆ కంపెనీ వదిలించుకుందో ఆ ఇంట్లో ఎవరూ అడగరు. అడిగితే కూతురి కాపురంలో వేలు పెట్టినట్టు అవుతుందని మామగారి బెంగ.

ఇంతా చేసి ఆయన ఘనకార్యం ఒక్కటే. పొద్దున్న మొదటి పీరియడ్‌లో టీచర్లు హాజరు వేస్తారు. రెండో పీరియడ్ గంట కొట్టగానే, రాని పిల్లల ఇళ్లకు ఫోన్లో ఒక మెసేజ్ వెళ్తుంది. "మీ బాబు ఈ రోజు బడికి రాలేదు" అనో, "మీ పాప ఈ రోజు బడికి రాలేదు" అనో. అంతే. ఆ రెండు ముక్కలు పంపే ప్రోగ్రాం అల్లుడుగారు రాశాడు. రాసిన రోజు నుంచి ఆయన నడకే మారిపోయింది. వరండాలో ఎదురొచ్చిన టీచర్లు పక్కకి తప్పుకోకపోతే చిన్నబుచ్చుకునే స్థితికి వచ్చాడు.

ఆ ప్రోగ్రాంని రెండు రకాలుగా నడపొచ్చు. ఆఫీసులో కూర్చున్న మనిషి బటన్ నొక్కి నడపొచ్చు. లేదంటే టైమరు నడుపుతుంది. టైమరంటే మరేం లేదు, కంప్యూటరుకి పెట్టిన అలారం. వేళ కాగానే ప్రోగ్రాంని లేపి, పని చేయించి, మళ్లీ పడుకోబెడుతుంది. ఎవరూ దగ్గర ఉండక్కర్లేదు.

"తనను లేపింది మనిషో టైమరో నా ప్రోగ్రాం తనే కనిపెడుతుంది మావయ్యగారూ" అని అల్లుడుగారు మొదటిరోజే చెప్పాడు. "మనిషి నొక్కితే, నిజంగా పంపమంటారా అని ఒకసారి అడుగుతుంది. టైమరైతే అడగదు, పంపేస్తుంది. ఆఖర్న ఎవరు నడిపారో రాసిపెడుతుంది కూడా."

మామగారికి అందులో సగం అర్థం కాలేదు గానీ, అర్థం కానిదాన్ని చూసి మురిసిపోవడంలో ఆయన్ని మించినవాడు లేడు. బడి చూడ్డానికి వచ్చిన ప్రతివాణ్ణీ పట్టుకుని, "మా అల్లుడి మిషను మనిషిని గుర్తుపడుతుంది" అని చెప్పుకున్నాడు.

ఎలా గుర్తుపడుతుందో ఎవరైనా అడిగి ఉంటే ఈ కథే ఉండేది కాదు. దానికి పద్ధతులు ఉన్నాయి. ప్రోగ్రాం లేవగానే తన ఎదుట తెర ఉందా, మీటలు నొక్కే మనిషి ఉన్నాడా, తనను పిలిచింది అలారమా అని చూసుకోవచ్చు. ఆ పని తెలిసినవాళ్లు అలాగే చేస్తారు. మన అల్లుడుగారికి అంత ఓపిక ఎక్కడిది? ఆయన పేరు చూశాడు. టైమరుకని విడిగా ఒక లాగిన్ పెట్టి, దానికి 'టైమరు' అనే పేరు పెట్టాడు. ఆ పేరుతో నడిస్తే టైమరు నడిపినట్టు, ఇంకే పేరుతో నడిచినా మనిషి చేత్తో నడిపినట్టు. గేటు దగ్గర కాపలావాడు వచ్చినవాడి మొహం చూడకుండా చొక్కా మీద కుట్టిన పేరు చదివి లోపలికి పంపడం లాంటిదన్నమాట. దీనికి కనిపెట్టడం అని పేరు.

ఇక ఆటల పోటీల రోజు సంగతి. ఆ రోజు బడి మొత్తాన్ని బస్సులెక్కించి ఊరికి అటు చివరున్న పెద్ద మైదానానికి తీసుకెళ్లాలి. తరగతి గదుల్లో ఎవరూ ఉండరు, హాజరు వేసేవాళ్లుండరు. ముందురోజు సాయంత్రం మామగారు అల్లుణ్ణి పిలిచి, "రేపు ఆ మెసేజులు పోకూడదయ్యా" అన్నాడు.

"టైమరు ఆపేస్తాను. మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాడు అల్లుడు. వెళ్లి కూర్చున్నాడు, ఆపేశాడు, టీ తాగడానికి వెళ్లిపోయాడు.

మర్నాడు బళ్లో మిగిలింది ఆఫీసక్క ఒక్కతే. ఫోన్లు ఎత్తడానికి ఒక మనిషి ఉండాలి కదా. ఆఫీసక్క అంటే ఆఫీసు గుమాస్తా. అల్లుడుగారికి మీసాలు రాకముందు నుంచి అక్కడ పనిచేస్తోంది. ఏ పిల్లవాడి తాత ఎవరో, ఏ గది తాళం ఎలా తిప్పితే వస్తుందో ఆవిడకి తెలుసు. నోరు మంచిది కాదు. ఆ నోటికి మామగారు కూడా కాస్త దూరంగానే ఉంటాడు. ఆవిడకి ఒక్కతే కూతురు, అదే బళ్లో ఆఖరి తరగతి, బళ్లో పనిచేసేవాళ్ల పిల్లలకిచ్చే సీటులో చదువుతోంది. ఆ ఏడు గట్టెక్కితే తను గట్టెక్కినట్టే అని ఆఫీసక్క లెక్క.

ఖాళీ బళ్లో రెండో పీరియడ్ గంట దానంతటదే మోగింది. మోగీ మోగగానే, హాజరు పడని పిల్లలందరి ఇళ్లకూ, అంటే బడి మొత్తానికీ, మెసేజులు వెళ్లిపోయాయి. మీ బాబు ఈ రోజు బడికి రాలేదు. మీ పాప ఈ రోజు బడికి రాలేదు.

పొద్దున్నే తమ చేతుల్తో బస్సెక్కించి వచ్చిన తల్లిదండ్రులకి ఆ మాట ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. క్షౌరశాల ఆయన ఒకడు సగం గెడ్డం గీసిన మనిషిని కుర్చీలోనే వదిలేసి కత్తితో సహా రోడ్డెక్కాడు. బస్సు డ్రైవరొకడు జనంతో నిండిన బస్సుని సిగ్నల్ దగ్గర ఆపేసి దిగి పరిగెత్తాడు. ఒక మామ్మగారు మనవడి కోసం మెట్లు దిగబోయి, కాలు జారి, మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆఫీసులో ఫోన్ ఆగితే ఒట్టు. "పిల్లలు మైదానంలో ఉన్నారండీ, అందరూ బాగున్నారు" అని చెప్పీ చెప్పీ ఆఫీసక్క గొంతు పోయింది.

మధ్యాహ్నానికి గేటు దగ్గర జనం. మామగారు మైదానం నుంచి చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. వెనకాల అల్లుడు.

"ఆపావా లేదా?" అన్నాడు మామగారు, అందరి ముందూ.

"ఆపాను మావయ్యగారూ. నా చేత్తో నేనే ఆపాను" అన్నాడు అల్లుడు. అది నిజమేనని ఆయన అప్పటికి నమ్మాడు, అంతవరకూ ఆయన్ని ఏమీ అనక్కర్లేదు. "కావాలంటే చూడండి. ఎవరు నడిపారో ప్రోగ్రామే చెబుతుంది."

చెప్పింది. తెర మీద పెద్ద అక్షరాలతో చెప్పింది. పంపిన విధం: చేత్తో. పంపినవారు: ఆఫీసక్క.

గదిలో ఉన్న తల్లిదండ్రులంతా ఒక్కసారి ఆవిడ వైపు తిరిగారు. అల్లుడుగారు కాలరు సర్దుకున్నాడు. తప్పు తనది కాకపోవడం కంటే, తన ప్రోగ్రాం దొంగని పట్టిందనే సంతోషమే ఆయనకి ఎక్కువగా ఉంది.

"నేను నొక్కలేదు" అంది ఆఫీసక్క.

"అలవాటు కొద్దీ నొక్కేసి ఉంటావు" అన్నాడు మామగారు. "బళ్లో నువ్వు తప్ప పురుగు కూడా లేదు. నీ పేరు ఉంది. ఇంకేం కావాలి?"

"నా పేరుంటే నేను నొక్కినట్టేనా? ఆ పేరు అక్కడ రాసింది నేను కాదు కదా, రాసినదాన్నే అడగండి."

"దాన్నే అడిగాం. చెప్పింది" అన్నాడు అల్లుడుగారు, ఏదో పెద్ద చమత్కారం చేసినట్టు. ఒకరిద్దరు నవ్వారు కూడా.

మామగారు తీర్పు చెప్పాడు. శనివారం తల్లిదండ్రుల మీటింగ్ పెడతాడు. ఆఫీసక్క స్టేజీ ఎక్కి, పొరపాటున నేనే నొక్కాను, నన్ను క్షమించండి అని మైకులో చెప్పాలి. చెబితే ఉద్యోగం ఉంటుంది. చెప్పకపోతే ఆవిడ వెళ్లిపోవచ్చు. కూతుర్ని కూడా తీసుకెళ్లిపోవచ్చు. పరీక్షలింక ఎన్నాళ్లో లేవని ఆయనకి తెలుసు, తెలిసే అన్నాడు.

జనం వెళ్లాక ఆఫీసక్క కంప్యూటర్ గదికి వచ్చింది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"బాబూ, మీరు రాసిందే కదా. మనిషి నొక్కాడో, టైమరు నడిపిందో అది ఎలా తేల్చిందో ఒక్కసారి చూడండి. నేను నొక్కలేదని నాకు తెలుసు. ఎక్కడో ఏదో తేడా ఉంది."

"అది మీకు అర్థం కాదులెండి" అన్నాడు అల్లుడుగారు.

"నాకు అర్థం కాకపోతే పోనివ్వండి. మీకైనా అర్థమైతే చాలు" అని ఆవిడ వెళ్లిపోయింది.

ఆవిడ కోసం చూశాడనుకునేరు. అబ్బే. మీటింగులో గోడ మీద వేసి చూపించడానికి ఆ తెరని అందంగా ఫొటో తీద్దామని కూర్చున్నాడు. పక్కనే టైమర్ల జాబితా కూడా పెడితే ఇంకా గట్టిగా ఉంటుందని, తను ఆపిన టైమరుని వెతికాడు. ఉంది, ఆగిపోయి ఉంది. దాని కిందే ఇంకో టైమరు ఉంది. అది ఆగలేదు. అది ఆఫీసక్క పేరుతో ఉంది.

అల్లుడుగారు ఆ పేరు రెండుసార్లు చదివాడు. ఆ తర్వాత ఒక్కొక్కటీ గుర్తొచ్చింది.

నిరుడు ఎక్కడో ఏ బళ్లోనో కంప్యూటర్లోంచి ఏదో పోయిందని విని, మామగారు ఒక రూలు పెట్టాడు. అందరి పాస్‌వర్డులూ నెలనెలా మారాలి, మార్చకపోతే లాగిన్ మూతపడుతుంది. మనుషులు తిట్టుకుంటూ మార్చుకున్నారు. 'టైమరు' అనే లాగిన్‌కి మార్చుకోవడానికి చేతులు లేవు కదా, నెల తిరగగానే మూతపడింది, మెసేజులు ఆగిపోయాయి. ఒకటి రెండు సార్లు అల్లుడుగారు మార్చాడు. తర్వాత విసుగొచ్చింది. ఆ రూలు నుంచి మినహాయింపు ఇద్దరికే ఉంది. ఒకరు మామగారు, ఎందుకంటే ఆయన్ని ఎవడు అడుగుతాడు? రెండోవారు ఆఫీసక్క. "నెలకో కొత్త మాట కంఠస్థం చేయడం నా వల్ల కాదు, కావాలంటే ఉద్యోగం మానేస్తాను" అని ఆవిడ చెప్పేసింది. అల్లుడుగారు చంకలు గుద్దుకుని, ఆవిడ లాగిన్ మీద కొత్త టైమరు పెట్టేశాడు. ఆవిడకి ఒక మాట చెప్పడం కూడా దండగనుకున్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. మర్నాడు ప్రోగ్రాం లేచి, పేరు చూసి, ఎవరో మనిషి వచ్చాడనుకుని, "నిజంగా పంపమంటారా?" అని అడిగింది. ఎదురుగా ఎవరున్నారు చెప్పడానికి? సాయంత్రం దాకా జవాబు కోసం చూస్తూ కూర్చుంది. అది చూసి ఈ మహానుభావుడు చేసిన మరమ్మతు ఏమిటంటే, ఆ ప్రశ్నే తీసేశాడు. పాత టైమరుని చెరిపెయ్యడానికి కూడా బద్ధకించి అలాగే ఉంచాడు. ఆ తర్వాత నుంచి రోజూ పొద్దున్న టైమరే మెసేజులు పంపుతోంది, రోజూ ఆఫీసక్క చేత్తో పంపినట్టు రాసిపెడుతోంది. ఆటల పోటీల ముందురోజు ఆయన ఆపింది ఎప్పుడో చచ్చిపోయిన టైమరుని. బతికున్నదాన్ని అలాగే వదిలేసి టీ తాగడానికి వెళ్లాడు.

ఇప్పుడు చెయ్యాల్సిన పని ఒక్కటే. లేచి, నాలుగు గదులు దాటి, "మావయ్యగారూ, తప్పు నాది, ఆవిడది కాదు" అనాలి. ఎంతసేపు పడుతుంది? టీ చల్లారేలోపు అయిపోతుంది. అల్లుడుగారు లేచాడు కూడా. తలుపు దాకా వెళ్లాడు. అక్కడ ఆయనకి మామగారి మొహం కనపడింది, నిజంగా కాదు, మనసులో. "మా అల్లుడి మిషను మనిషిని గుర్తుపడుతుంది" అని మురిసిపోయే మొహం. ఆ మొహం ఇంకోలా మారడం ఊహించుకున్నాడు. తోక ముడిచి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

ఇంట్లో ఆ సాయంత్రం భార్య అడిగింది. ఆవిడ ఆ బళ్లోనే చదువుకుంది. చిన్నప్పుడు జ్వరమొస్తే ఆఫీసక్కే భుజాన వేసుకుని ఇంటికి దింపేది.

"అక్కే నొక్కిందంటారా?"

"నేననడమేమిటి, ప్రోగ్రాం అంటోంది."

"ఆ వేళకి అక్క దాని ముందు కూర్చుని ఉందని దానికెలా తెలుసు?"

"దానికి పద్ధతులుంటాయి."

"మీరు చూశారా మరి? సరిగ్గా చూశారా?"

"చూశాను. ఆవిడే" అన్నాడు. అంటున్నప్పుడు భార్య మొహంలోకి చూడలేదు, ఫ్యాను స్విచ్చు వైపు చూశాడు. ఆవిడ ఇంకేం అడగలేదు. ఆ ఇంట్లో ఆవిడ అడగడం మానేసిందంటే నమ్మిందని కాదు. అది అల్లుడుగారికి ఇన్నేళ్లకీ తెలియలేదు.

మర్నాడు ఆఫీసక్క మళ్లీ వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"చూశారా బాబూ?"

చూశాడు కదా. అంతా చూశాడు. అయినా ఏమన్నాడో తెలుసా?

"మిషను అబద్ధమాడదమ్మా" అన్నాడు.

ఆఫీసక్క కొంగు భుజాన సర్దుకుంది. "అయితే నాకు మతిమరుపు వచ్చిందనుకోవాలి" అంది. "శనివారం చెబుతానని సార్‌తో అనండి. పాప పరీక్షలు అయ్యేదాకా నాకింకో దారి లేదు." ఆ గొంతులో ఎప్పుడూ ఉండే కారం లేదు. ఆవిడ మెట్లు దిగేదాకా అల్లుడుగారు తెర మీద లేని దుమ్ము తుడిచాడు.

ఆవిడ దిగగానే ఆయన తెలివి పనిచేయడం మొదలెట్టింది. ఆవిడ లాగిన్ మీద ఆ టైమరు ఉన్నంతకాలం ఎవడో ఒకడు చూస్తాడు. తీసెయ్యాలి. తీసేస్తే మెసేజులు ఆగిపోతాయి, మామగారు అడుగుతాడు. ఇంకో లాగిన్ మీదకి మార్చాలి. పాస్‌వర్డు మూతపడని లాగిన్ ఇంకొక్కటే ఉంది, మామగారిది. ఇంతలో మామగారే కబురు పెట్టాడు. ఇక మీదట ప్రతి మెసేజ్ కిందా అది ఎలా పంపారో, ఎవరు పంపారో ఉండి తీరాలని, అప్పుడు గానీ ఈ ఆఫీసు జనానికి భయం ఉండదని.

ఇంకొకడైతే అక్కడ ఆగి ఆలోచించేవాడు. మన అల్లుడుగారికి ఆ రెండూ కలిసి అదృష్టంలా కనపడ్డాయి. మామగారి పేరు మీద టైమరు పెడితే, ప్రతి మెసేజ్ కిందా 'చేత్తో' అని, 'యజమాని' అని పడుతుంది. పడనీ. రాని పిల్లల గురించి యజమాని స్వయంగా తన చేత్తో రాసి పంపుతున్నాడంటే తల్లిదండ్రులకి ఎంత గౌరవం? మామగారికి ఎంత ఆనందం? అడిగితే, మీ పేరుంటే బాగుంటుందని పెట్టాను మావయ్యగారూ అంటే సరి. ఇంత చక్కటి ఉపాయం తట్టినందుకు తనని తనే మెచ్చుకున్నాడు. శుక్రవారం సాయంత్రం ఆఫీసక్క పేరు మీద టైమరు తీసేసి, మామగారి పేరు మీద పెట్టి, మెసేజ్ కింద రెండు లైన్లు చేర్చి, ఈలేసుకుంటూ ఇంటికెళ్లాడు.

శనివారం హాలు నిండిపోయింది. మీటింగ్ పొద్దున్నే పెట్టారు, పిల్లలు పక్క గదుల్లో పాఠాలు వింటుండగానే. ముందు వరసలో మణికట్టుకి కట్టుతో మామ్మగారు. ఆవిడ మనవడు రాత్రి నుంచి దగ్గుతున్నాడని ఇంట్లోనే ఉంచి, తను మాత్రం వచ్చింది. ఆవిడ పక్కన క్షౌరశాల ఆయన. గోడవారగా ఆఫీసక్క కూతురు, పుస్తకం గుండెలకి అదుముకుని. తలుపు దగ్గర అల్లుడుగారి భార్య. స్టేజీ మీద మామగారు, ఒక చేతిలో మైకు, ఇంకో చేతిలో చెమట తుడుచుకునే రుమాలు. పక్కన తల దించుకుని ఆఫీసక్క. ఇంకాస్త పక్కన అల్లుడుగారు, ఇస్త్రీ చొక్కాలో.

మామగారు మాట్లాడ్డం మొదలుపెడితే ఆపడం కష్టం. బడి పుట్టుక నుంచి మొదలెట్టాడు. చివరికి అసలు సంగతికి వచ్చాడు.

"మా బళ్లో ఏది జరిగినా దాచడానికి వీల్లేదు. మా అల్లుడు రాసిన ప్రోగ్రాం, మనిషి నొక్కితే మనిషి అంటుంది, టైమరైతే టైమరంటుంది. అది చేత్తో అన్నదీ అంటే, చేత్తోనే. ఎవరి పేరు చెప్పిందో వాళ్లే. ఇందులో వాదనకి చోటు లేదు. రామ్మా, వచ్చి చెప్పు."

ఆఫీసక్క ఒక అడుగు ముందుకేసింది. కూతురి వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించి, చూసింది. మైకు కోసం చెయ్యి చాచింది.

రెండో పీరియడ్ గంట మోగింది.

హాల్లో అక్కడొకటి ఇక్కడొకటి ఫోన్లు టింగుమన్నాయి. పది రోజుల క్రితమైతే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. ఇప్పుడు ఆ చప్పుడు వింటే చాలు ఒళ్లు జలదరిస్తుంది అందరికీ. మామ్మగారు ఒంటిచేత్తో ఫోన్ తీసి, కళ్లద్దాలు లేక, పక్కనున్న క్షౌరశాల ఆయనకిచ్చింది. ఆయన గొంతు సహజంగానే పెద్దది.

"మీ బాబు ఈ రోజు బడికి రాలేదు" అని చదివాడు. "కింద ఇంకా ఏదో ఉంది మామ్మగారూ. పంపిన విధం: చేత్తో. పంపినవారు: యజమాని."

"ఎప్పుడు పంపారట?"

"ఇప్పుడేనండీ. గంట కొట్టగానే."

మామ్మగారు స్టేజీకేసి చూసింది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని నిదానంగా అంది.

"అయ్యా, ఆ చేతిలో మైకు ఉంది. ఈ చేతిలో రుమాలు ఉంది. గంట కొట్టినప్పటి నుంచి నేను మిమ్మల్నే చూస్తున్నాను. మరి దీన్ని ఏ చేత్తో పంపారు?"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వరసలు దాటుకుంటూ ముందుకి వచ్చింది. మామగారు తన చేతులకేసి తనే చూసుకున్నాడు, అవి నిజంగా తనవేనా అన్నట్టు.

"నేను పంపలేదు" అన్నాడు.

"మీ పేరుందండీ" అన్నాడు క్షౌరశాల ఆయన, ఫోన్ పైకెత్తి చూపిస్తూ. "చేత్తో అన్నదీ అంటే చేత్తోనే అన్నారుగా ఇందాక."

ఆఫీసక్క చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. తల ఎత్తింది. ఆవిడకి అర్థం కాదన్నారే, ఆ హాల్లో అందరికంటే ముందు అర్థమైంది ఆవిడకే. మామగారి వైపు చూడలేదు. అల్లుడుగారి వైపు చూసింది.

మామగారు కూడా అటే తిరిగాడు. "ఏమయ్యా అల్లుడూ. నేను నొక్కానా?"

"మీ పేరుంటే బాగుంటుందని పెట్టాను మావయ్యగారూ" అనే ముక్క అల్లుడుగారి నాలుక చివరి దాకా వచ్చింది, కానీ అది అనాలనుకున్న చోటు ఇది కాదు కదా. చొక్కా ఇస్త్రీ అలాగే ఉంది, లోపల మనిషి నలిగిపోయాడు.

"నొక్కానా లేదా, చెప్పు" అన్నాడు మామగారు. మైకు నోటి దగ్గరే ఉంది, హాలంతా మోగింది.

"లేదు" అన్నాడు అల్లుడుగారు.

"మరెవరు నడిపారు?"

"టైమరు."

"మరి చేత్తో అనెందుకుంది?"

"అది... పేరు చూస్తుంది మావయ్యగారూ. మనిషి ఉన్నాడా లేదా అని చూడదు."

"అయితే ఆ రోజు?"

ఆ రోజు సంగతి బయటికి రావడానికి ఇంకా నాలుగు ప్రశ్నలు పట్టింది. ఒక్కో ప్రశ్నకి ఒక్కో ముక్క. చచ్చిన టైమరు, బతికున్న టైమరు, ఆఫీసక్క పేరు, తీసేసిన ప్రశ్న. అడిగినంత వరకే చెప్పాడు, అడగనిది ఒక్క అక్షరం చెప్పలేదు. హాల్లో నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. మామ్మగారు తన కట్టుకేసి చూసుకుంటూ కూర్చుంది.

"ఇది నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాడు మామగారు ఆఖరికి. మైకు కిందికి దించి అడిగాడు గానీ, ముందు వరసలకి వినపడింది.

"ఆ రోజు సాయంత్రమే" అన్నాడు అల్లుడుగారు.

మామగారి మొహం అల్లుడుగారు తలుపు దగ్గర ఊహించుకున్న దానికంటే చాలా అధ్వాన్నంగా మారింది. మైకు ఆఫీసక్క చేతిలో పెట్టి, వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

ఆఫీసక్క మైకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నేను నొక్కలేదని ఆ రోజే చెప్పాను" అంది. "ఇవాళ నొక్కానని చెబుదామని వచ్చాను. నా కూతురు అక్కడ నిలబడి వింటుండగా. ఇంకొక్క నిమిషం ఆ గంట మోగకపోతే చెప్పేసేదాన్ని కూడా." మామగారి కుర్చీ వైపు తిరిగింది. "నాకు ఎవరి క్షమాపణలూ వద్దు. ఆ మిషన్లో నా పేరు ఇంకెక్కడైనా ఉంటే తీసెయ్యండి. నేను చేసిన పనికే నా పేరుండాలి." మైకు బల్ల మీద పెట్టి స్టేజీ దిగింది. దిగుతూ మామ్మగారి దగ్గర ఆగి, ఆ కట్టు కాస్త వదులైతే సరిచేసింది. అవతల ఆఫీసులో ఫోన్ మోగుతోంది. ఆవిడే వెళ్లి ఎత్తింది.

ఆ సాయంత్రం అల్లుడుగారు ఒట్టి చేతులతో ఇంటికి వచ్చాడు. మామగారు కంప్యూటర్ గది తాళంచెవి అడిగి తీసేసుకున్నాడు. దాని గురించి కాదు ఆయన ఆలోచన. ఇలాంటివాళ్లకి ఎంత బురదలో పడినా, లేచేటప్పుడు చేతికి ఏదో ఒకటి దొరుకుతుంది. ఆయనకీ దొరికింది.

"ఏదేమైనా ఒప్పుకున్నాను కదా" అన్నాడు భార్యతో. "అంతమంది ముందు తప్పు ఒప్పుకోవాలంటే ఎంత గుండె కావాలి? ఇంకొకడైతే చచ్చినా చెప్పేవాడు కాదు."

భార్య ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆయన ఇస్త్రీ చొక్కా తీసి, రెండు చేతులూ లోపలికి మడిచి, పక్కన పెట్టింది.

"మీ అంతట మీరే చెప్పారా?" అంది. "నాన్న అడిగితే చెప్పారా?"

"అది నీకు అర్థం కాదులే" అనబోయాడు అల్లుడుగారు. నోరు తెరిచాడు కూడా. భార్య జవాబు కోసం చూస్తూ నిలబడింది. ఆయన ఫ్యాను స్విచ్చు వైపు చూశాడు.